హేజీ ఐపీఏ రుచి చూసి మార్కులు వేయడం ఎలా?

"అన్నా, అందరూ మామిడిపండు వాసన అంటున్నారు, నాకు మాత్రం బీరు వాసనే వస్తోంది. లోపం నాలోనా, బీరులోనా?" హేజీ ఐపీఏ గురించి, అంటే మబ్బుగా ఉండి పండ్ల వాసన వచ్చే ఇండియా పేల్ ఏల్ రకం బీరు గురించి, సియాటిల్ వైపు ఉండే మా స్నేహితుల్లో చాలామంది ఈ ప్రశ్న అడిగారు. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసే తమ్ముడూ ఇదే అడుగుతాడు. ప్రతిసారీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే మొత్తం ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

చాలాసార్లు లోపం మీలోనూ ఉండదు, బీరులోనూ ఉండదు. బీరు మరీ చల్లగా ఉండటం, గ్లాసు సరిగ్గా కడగకపోవడం, వాసన చూడకుండానే తాగేయడం, ఈ మూడే అసలు కారణాలు. నాలుగోది కూడా ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. క్యాన్ మీద "గ్రేప్‌ఫ్రూట్, ప్యాషన్‌ఫ్రూట్" అని ఉంటుంది. చిన్నప్పటి నుంచి ఆ పండ్లు తినని వాళ్లకి ఆ పేరు చూస్తే ఏం గుర్తొస్తుంది? ఏమీ గుర్తు రాదు. అదే "పంపరపనస తొక్క ఒలిచినప్పటి వాసన" అనండి, వెంటనే తగులుతుంది. మన ముక్కుకు తెలిసిన పండ్లు తక్కువేం కాదు. మీరు రాసుకునేది వాటి పేర్లతోనే రాసుకోండి. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇది 21 ఏళ్లు నిండినవాళ్ల కోసం. ఇక్కడ అమెరికాలోనూ, అక్కడ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ చట్టం అదే. గర్భంతో ఉన్నవాళ్లు, మందుల కోర్సులో ఉన్నవాళ్లు, మానేసినవాళ్లు దీని జోలికి రావద్దు. తాగిన రోజు బండి తాళాలు ఇంకొకరి దగ్గర ఉండాలి. 473 మిల్లీలీటర్ల క్యాన్‌లో 7 శాతం ఆల్కహాల్ ఉందంటే, అమెరికా లెక్కలో అది దాదాపు రెండు డ్రింకులు. "ఒక్క బీరే కదా" అనుకోవద్దు.

పండు వేయకుండా పండు వాసన ఎలా?

బీరులో వేసే హాప్స్ అనేవి ఒక తీగకు కాసే పచ్చటి, పొరలు పొరలుగా ఉండే పూలు. పొరల మొదట్లో పసుపు పచ్చటి పొడి ఉంటుంది, దాన్ని లుపులిన్ అంటారు. చేదు, వాసన రెండూ అందులోనివే. అమెరికా హాప్స్‌లో ఎక్కువ భాగం పండేది వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో. సియాటిల్ నుంచి కారులో రెండున్నర గంటల దారి. ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో, కోతల సమయంలో వెళ్లగలిగితే తప్పక వెళ్లండి. ఒక పువ్వును అరచేతుల మధ్య వేసి, కరివేపాకు నలిపినట్టు గట్టిగా నలిపి, చేతులు ముక్కు దగ్గర పెట్టుకోండి. సిట్రా రకమైతే బత్తాయి తొక్క, పచ్చి మామిడి సొన, వెనకే కాస్త జామ. అరచేతికి పసుపు రంగు జిగురు అంటుకుంటుంది, సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా వాసన పోదు. అది ఒక్కసారి చూసినవాళ్లకి ఆ తర్వాత గ్లాసులో హాప్స్‌ని గుర్తుపట్టడం చాలా తేలికవుతుంది.

ఆ వాసన ఇచ్చే పదార్థాలు నిజం పండ్లలోనూ, మన పోపుల పెట్టెలోనూ ఉండేవే. లినలూల్ అనేది హాప్స్‌లో ఉంటుంది, మన ధనియాల వాసనకూ అదే మూలం. జామపండులో ఉండే కొన్ని గంధకపు సమ్మేళనాలు కూడా హాప్స్‌లో ఉంటాయి. కాబట్టి "జామ వాసన వస్తోంది" అంటే అది ఊహ కాదు, నిజంగానే ఉంది.

సిద్ధాంతం ఇంతటితో చాలు.

ఏ బీరు తీసుకోవాలి?

పండ్ల వాసనకి పేరుపడ్డది హేజీ ఐపీఏ, దీన్నే న్యూ ఇంగ్లండ్ ఐపీఏ అని కూడా అంటారు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని ది ఆల్కెమిస్ట్ బ్రూవరీ వాళ్ల హెడీ టాపర్ అనే బీరుతో ఈ పద్ధతికి పేరొచ్చింది. ఓట్స్, గోధుమ కలుపుతారు కాబట్టి మబ్బుగా ఉంటుంది, హాప్స్ ఎక్కువగా చివర్లో వేస్తారు కాబట్టి చేదు తక్కువ, వాసన ఎక్కువ. అది దొరక్కపోతే అమెరికన్ పేల్ ఏల్ తీసుకోండి. 1980లో సియెరా నెవాడా బ్రూవరీ వాళ్లు కాస్కేడ్ హాప్స్‌తో చేసిన పేల్ ఏల్ ఇప్పటికీ దొరుకుతుంది, నేర్చుకోవడానికి అంతకంటే మంచి పాఠం లేదు. పంపరపనస వాసన అందులో స్పష్టంగా తెలుస్తుంది.

హైదరాబాద్, బెంగళూరు మైక్రోబ్రూవరీలకి వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. అక్కడ ఎక్కువగా అమ్ముడయ్యే హెఫెవైజన్ అనే గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన వస్తుంది. అది హాప్స్ వాసన కాదు, ఈస్ట్ నుంచి వచ్చింది. దాన్ని తాగి "హాప్స్ అంటే అరటిపండన్నమాట" అనుకుంటే పునాదే తప్పుతుంది. మెనూలో ఐపీఏ, పేల్ ఏల్ అని ఉన్నవే అడగండి.

లేబుల్ మీద "మ్యాంగో ప్యూరీ కలిపినది" అని ఉంటే అది వేరే తరగతి. దానికి కూడా మార్కులు వేయవచ్చు కానీ ఈ లెక్కలో కలపవద్దు.

ఆల్కహాల్ వద్దనుకునేవాళ్లకి ఆల్కహాల్ లేని ఐపీఏలు, హాప్ వాటర్ (హాప్స్ వాసన పట్టించిన సోడా నీళ్లు) దొరుకుతున్నాయి. ఇదే పద్ధతి వాటికీ పనికొస్తుంది. చిక్కదనం మాత్రం తక్కువగా ఉంటుంది, ఆ ఒక్క చోట సర్దుకోండి.

ఏమేం కావాలి

- రెండు, మూడు రకాల బీర్లు. నాలుగుకు మించవద్దు. ఒక్కో మనిషికి ఒక్కో బీరు 100 మిల్లీలీటర్లు చాలు.
- గాజు గ్లాసులు. పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉన్నవి. ట్యులిప్ గ్లాసు లేకపోతే వైన్ గ్లాసు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. స్టీలు గ్లాసు వద్దు, రంగు కనపడదు. ప్లాస్టిక్ కప్పు అసలే వద్దు.
- మామూలు నీళ్లు, ఉప్పు లేని మరమరాలు లేదా చపాతీ ముక్కలు.
- కాగితం, పెన్ను. ఫోన్‌లో రాయడం మొదలుపెడితే మధ్యలో మెసేజ్‌లు చూస్తారు.
- ఒక చిన్న పళ్లెంలో వాసన కోసం: బత్తాయి తొక్క, నిమ్మ తొక్క, పండిన జామ ముక్క, మామిడి ముక్క, నాలుగు ధనియాలు. సీజన్‌లో ఏవి దొరికితే అవి.
- వంటింటి థర్మామీటర్ ఉంటే మంచిది. లేకపోయినా ఫరవాలేదు.

1. తేదీ చూడండి

కొనేటప్పుడే క్యాన్ అడుగు తిప్పి చూడండి. ఇక్కడైతే చాలావాటి మీద క్యాన్‌లో నింపిన తేదీ ఉంటుంది, అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత. ఇండియాలో తయారీ తేదీ వేస్తారు. హేజీ ఐపీఏ మొదటి ఆరు వారాల్లో బాగుంటుంది. ఫ్రిజ్‌లోనే ఉంటే మూడు నెలల దాకా పర్వాలేదు. "బెస్ట్ బిఫోర్ ఇంకా ఉంది కదా" అంటారు. ఆ తేదీ దాటేలోపు బీరు పాడవదేమో గానీ, పండ్ల వాసన అంతకంటే చాలా ముందే పోతుంది. ఇలాంటి బీరును దాచుకుని ఏడాది తర్వాత తాగుదామనుకోవడం మల్లెపూలు దాచుకున్నట్టే.

షెల్ఫ్ మీద వేడిగా ఉన్నదాని కంటే కూలర్‌లో ఉన్నది తీసుకోండి. ఒకసారి జూలై మధ్యాహ్నం నేనొక ప్యాక్ కారు డిక్కీలో మరిచిపోయాను. సాయంత్రం తెరిస్తే మామిడి పోయి, తేనె, అట్టపెట్టె వాసన మిగిలింది. తప్పు నాది, బీరుది కాదు. ఆ రోజు దానికి మార్కులు వేయలేదు.

మైక్రోబ్రూవరీలో అయితే "ఈ ట్యాంక్ ఎప్పుడు తెరిచారు?" అని అడగండి, మొహమాటం వద్దు. కొద్దిగా రుచి చూడమని ఇస్తారా అని కూడా అడగండి. చాలాచోట్ల ఇస్తారు.

2. ముక్కు, నోరు ఖాళీగా ఉంచుకోండి

కనీసం అరగంట, వీలైతే గంట ముందు నుంచి కాఫీ, పాన్, సిగరెట్, ఆవకాయ బంద్. కారం తిన్న నాలుకకి చేదు, గ్యాస్ రెండూ మంటగానే తెలుస్తాయి. సెంటు రాసుకుని కూర్చోవద్దు, అగరుబత్తి వెలిగించవద్దు. పక్క గదిలో పోపు వేస్తున్నా కష్టమే. నేను శనివారాలు మధ్యాహ్నం నాలుగింటికి పెడతాను. అప్పటికి భోజనం అరుగుతుంది, వంటింట్లో పొయ్యి ఆరి ఉంటుంది. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు.

జలుబు ఉన్న రోజు మానేయండి.

3. గ్లాసు నిజంగా శుభ్రంగా ఉందా?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సగం తప్పులు ఇక్కడే. నేను మొదట్లో గ్లాసులు డిష్‌వాషర్‌లో వేసేవాణ్ని. తళతళా మెరిసేవి. బీరు పోస్తే నిమిషంలో నురగ చచ్చిపోయేది. పాపం ఆ బీరుకి రూపంలో ఒక మార్కు, నోటికి తగిలే తీరులో రెండు మార్కులు కోసేశాను. వారం తర్వాత అదే ప్యాక్‌లోని ఇంకో క్యాన్, చేత్తో కడిగి బోర్లించి ఆరబెట్టిన గ్లాసులో పోశాను. నురగ చివరిదాకా నిలబడింది, తాగిన ప్రతి గుక్కకీ గ్లాసు గోడ మీద జాలీలా అంటుకుంది. డిష్‌వాషర్‌లో మెరుపు కోసం వేసే ద్రవం పొర గాజు మీద ఉండిపోవడమే కారణం.

ఎలా తేల్చుకోవాలంటే: గ్లాసు లోపల నీళ్లతో తడిపి వంచండి. నీరు ఒకే పొరలా జారితే శుభ్రం. అక్కడక్కడా చుక్కలుగా విడిపోతే జిడ్డు ఉంది. ఇంకా అనుమానముంటే తడి గోడ మీద ఉప్పు చల్లండి. జిడ్డు ఉన్నచోట ఉప్పు అంటుకోదు. పరీక్ష అయ్యాక మళ్లీ కడగడం మరిచిపోవద్దు. కడిగాక గుడ్డతో తుడవకండి, బోర్లించి వదిలేయండి.

4. చలి తగ్గనివ్వండి

ఫ్రిజ్‌లోంచి తీసిన బీరు 3, 4 డిగ్రీలు ఉంటుంది. ఆ చలిలో వాసన పైకి లేవదు, నాలుక మొద్దుబారుతుంది. 7 నుంచి 10 డిగ్రీలు మనకు కావలసింది. మన ఇళ్లలో వేసవిలో ఐదారు నిమిషాలు, ఇక్కడి చలికాలంలో పదిహేను నిమిషాలు బయట పెడితే సరిపోతుంది. థర్మామీటర్ లేకపోతే: గ్లాసు పట్టుకున్న వేళ్లు నొప్పెడితే ఇంకా తొందరే.

గ్లాసుని ముందుగా ఫ్రీజర్‌లో పెట్టే అలవాటు ఉంటే మానేయండి. లోపల మంచు పొర పడుతుంది, నురగ పిచ్చిగా పొంగుతుంది.

5. పోయండి, చూడండి

గ్లాసు వంచి మొదలుపెట్టి, సగమయ్యాక నిలబెట్టి పోయండి. రెండు వేళ్ల మందం నురగ రావాలి. నురగని తగ్గించడానికి గోడ వెంట జారవిడుస్తుంటారు, అలా చేయవద్దు. వాసనను పైకి మోసేది ఆ నురగే.

వెలుతురులో పట్టుకుని చూడండి. హేజీ ఐపీఏ అయితే లేత పసుపు నుంచి ముదురు బంగారు రంగు, బత్తాయి రసంలా మబ్బుగా. మబ్బు తప్పు కాదు. తేలుతున్న ముక్కలుంటే తప్పు. పసుపులో బూడిద రంగు, ఊదా ఛాయ, నిన్న కోసిన యాపిల్ ముక్క గోధుమరంగు కనిపిస్తే గాలి తగిలి ముసలిదైందని అర్థం. ఆ ఒక్క గుర్తుతోనే వాసన ఎలా ఉండబోతోందో తొంభై శాతం చెప్పేయవచ్చు.

6. వాసన చూడండి, తాగకుండా

పోసిన వెంటనే, ఇరవై క్షణాల్లోపు, ముక్కు దగ్గర పెట్టుకోండి. చిన్న చిన్న పీల్పులు రెండు మూడు. తర్వాత గ్లాసు మీద అరచేయి మూసి, మెల్లగా తిప్పి, చేయి తీసి ఒక పెద్ద పీల్పు. ముక్కు మొద్దుబారినట్టనిపిస్తే మీ మోచేతి మడతలో వాసన చూసుకోండి, మళ్లీ తేరుకుంటుంది.

ఇప్పుడు పక్కవాళ్లతో మాట్లాడకుండా మూడు మాటలు రాయండి. ఎవరైనా "పనసపండు!" అని పైకి అన్నారంటే, అందరికీ పనసపండే వస్తుంది. ఈ నియమం మా ఇంట్లో చాలా కఠినం.

మాటలు రావట్లేదా? పెద్ద గుంపు నుంచి చిన్నదానికి దిగండి. పండా, పువ్వా, ఆకా, బంకా? పండు అయితే పుల్లటి జాతా, తియ్యటి జాతా? పుల్లటిదైతే తొక్కా, రసమా? పళ్లెంలోని తొక్కలు ఒక్కోటి పీల్చి గ్లాసుతో పోల్చండి. నాకు పనికొచ్చే మాటలు ఇవి:

- పుల్లటి జాతి: నిమ్మ తొక్క, దబ్బకాయ, బత్తాయి, కమలా, పంపరపనస.
- తియ్యటి జాతి: పండిన జామ, బంగినపల్లి, పీచు రసాలు, బాగా ముగ్గిన అనాస, పనస తొన, లిచీ.
- పువ్వు, ఆకు: గులాబీ, మరువం, ధనియాలు, కోసిన గడ్డి.
- బంక: గుగ్గిలం, దేవదారు చెక్క. సిమ్‌కో రకం హాప్స్‌లో ఇది బలంగా ఉంటుంది.
- కొబ్బరి: సాబ్రో రకం హాప్స్ వాడితే. లేబుల్ చూడకుండా పట్టేస్తే చాలా ఆనందమేస్తుంది.

"మామిడి" అని ఊరికే రాయకండి. బంగినపల్లి వాసన, చిన్న రసం వాసన, పచ్చి మామిడి సొన ఒకటి కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ తేడా రాస్తేనే మీ నోట్సుకి విలువ.

వెల్లుల్లి, ఉల్లి వాసన తగిలితే కంగారు పడవద్దు, కొన్ని హాప్స్‌లో, ముఖ్యంగా ఆలస్యంగా కోసినవాటిలో ఉంటుంది. పాత చీజ్, చెమట పట్టిన సాక్స్ వాసన మాత్రం హాప్స్ పాతబడిన గుర్తు.

7. గుక్క వేయండి

మొదటి గుక్కను లెక్కలోకి తీసుకోకండి, అది నోరు అలవాటు పడటానికి. రెండోది ఒక చెంచాడు నోట్లోకి తీసుకుని నాలుకంతా తిరిగేలా చేసి మింగండి. మింగిన వెంటనే నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. పండు అసలు అప్పుడు తెలుస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఇలా చేయండి. ముక్కు వేళ్లతో గట్టిగా మూసుకుని గుక్క వేయండి. కాస్త తీపి, కాస్త చేదు, గ్యాస్ చురుకు, అంతే తెలుస్తుంది. ఇప్పుడు వేళ్లు తీసేయండి. పండంతా ఒక్కసారిగా నోట్లో విచ్చుకున్నట్టు ఉంటుంది. మా స్నేహితుడి భార్య ఒకావిడ "నాకు ఏ వాసనా రాదండీ" అని ప్రతిసారీ పక్కన కూర్చునేవారు. హాప్ వాటర్‌తో ఇది చేయించాను. వేళ్లు తీయగానే కళ్లు పెద్దవి చేసి "జామకాయ!" అన్నారు. ఇప్పుడు మా అందరిలో ఆవిడ ముక్కే నమ్మకం.

ఇక చేదు. దీన్ని రెండు ప్రశ్నలుగా విడదీయండి. ఎంత చేదు, ఎంతసేపు? కాకరకాయ వేపుడులా వచ్చి పోయే చేదు మంచిది. నమిలిన మెంతుల్లా నాలుక వెనక తిష్ఠ వేసేది హేజీ ఐపీఏకి సరిపడదు. అదే అమెరికన్ ఐపీఏలో అయితే ఇంకాస్త చేదు ఉండాలి, దానికి మార్కు కోయకండి. చేదును కొలిచే ఐబీయూ అంకె అమెరికన్ ఐపీఏకి 40 నుంచి 70, హేజీకి 25 నుంచి 60.

చేదు వేరు, వగరు వేరు. ఉగాది పచ్చడి తినే మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు, వేపపువ్వుది చేదు, మామిడి పిందెది వగరు. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. బీరు మింగాక పచ్చి అరటికాయ కొరికినట్టు చిగుళ్లు పట్టేస్తే, చేదు ఖాతాలో కాకుండా వగరు ఖాతాలో రాయండి.

ఇంకొకటి, గొంతు గీరడం. సరిగ్గా ఉడకని కంద తిన్నప్పుడు గొంతులో గీరుకుంటుంది చూడండి, అచ్చం అలాగే. హాప్స్ రేణువులు బీరులో తేలుతూ ఉండిపోతే వస్తుంది. మరీ తాజా క్యాన్లలో ఎక్కువ. అలాంటప్పుడు మిగతా క్యాన్లను ఫ్రిజ్‌లో నిలబెట్టి వారం, పది రోజులు ఆగండి. చాలావరకు తగ్గుతుంది.

8. లోపాలు పట్టుకోండి

ఇవి "నాకు నచ్చలేదు" అనే తరగతి కాదు, నిజమైన తప్పులు.

తడిసిన అట్టపెట్టె వాసన: గాలి తగిలింది లేదా పాతది. ఈ రకం బీర్లలో మీకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

వెన్న, పాప్‌కార్న్ వాసన, నాలుక మీద జారుడు: డయాసిటిల్ అంటారు. పులియడం పూర్తికాకముందే తీసేసినా, హాప్స్ వేశాక మళ్లీ పులిసినా వస్తుంది.

ఉడికిన మొక్కజొన్న పొత్తు నీళ్లు: మరిగించడంలో లోపం.

పచ్చి యాపిల్: తొందరపడి నింపారు.

ఇక్కడి రోడ్ల పక్కన చచ్చిపడి ఉండే స్కంక్ (దుర్వాసన చిమ్మే చిన్న జంతువు) వాసన: వెలుతురు తగిలింది. హాప్స్ ఎక్కువున్న బీరు దీనికి త్వరగా లొంగుతుంది. చూడాలనుకుంటే ఒక గ్లాసు బీరు ఎండలో అరగంట పెట్టి, నీడలో ఉంచిన గ్లాసు పక్కన పెట్టి వాసన చూడండి. ఒక్కసారి చూస్తే జన్మలో మరిచిపోరు. పచ్చ సీసాలు, తెల్ల సీసాలు నేనెందుకు కొననో కూడా అర్థమవుతుంది.

9. మార్కులు వేయండి

బీరు పోటీల్లో న్యాయనిర్ణేతలు వాడే బీజేసీపీ (బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్) పద్ధతి 50 మార్కులది. నేనూ అదే వాడతాను: వాసన 12, రూపం 3, రుచి 20, నోటికి తగిలే తీరు 5, మొత్తం మీద 10. చూడండి, వాసన, రుచి కలిపి 32. రూపానికి మూడే. సగం మంది చేసే తప్పు, అందమైన క్యాన్ చూసి మనసులో అప్పుడే పది మార్కులు వేసేయడం.

ముందు మాటలు, తర్వాత అంకె. ఈ వరస తిప్పకండి. అంకె ముందు వేస్తే దాన్ని సమర్థించే మాటలే వెతుకుతాం.

మొన్నటి నా కాగితం నుంచి ఒకటి, బ్రూవరీ పేరు తీసేసి ఇస్తున్నాను. సిట్రా, మొజాయిక్ రకాల హాప్స్ వేసిన హేజీ ఐపీఏ, 6.8 శాతం, నింపి 24 రోజులు.

వాసన 9: బంగినపల్లి తొక్క దగ్గరి వాసన ముందు, వెనక కమలా. ఐదు నిమిషాలకే తగ్గిపోయింది, అందుకు మూడు పోయాయి. రూపం 3: మబ్బు, నురగ, జాలీ అన్నీ బాగున్నాయి. రుచి 14: పండు బాగుంది, కానీ మధ్యలో తీపి ఎక్కువై చేదు దాన్ని మోయలేకపోయింది. నోటి తీరు 3: పాల మీగడలా మెత్తగా ఉంది, చివర్లో కంద గీర. మొత్తం 7: ఒక గ్లాసు సంతోషంగా తాగుతాను, రెండోది అడగను. కలిపితే 36.

ఆ పద్ధతిలో 30 నుంచి 37 "చాలా బాగుంది", 38 నుంచి 44 "శ్రేష్ఠం", 45, ఆపైన అయితే అరుదైనది. 21 నుంచి 29 "బాగుంది". మన బడి లెక్కలో 36 అంటే ఫస్ట్ క్లాసే గానీ డిస్టింక్షన్ కాదు అనుకునేవాళ్లుంటారు, అలా చూడవద్దు. అయిదు చుక్కల యాప్‌లలో వేయాలనుకుంటే ఊరికే పదితో భాగించకండి, అక్కడ 3 అంటే జనం మామూలుదని చదువుకుంటారు. నేను 30ని మూడున్నర దగ్గర, 38ని నాలుగు దగ్గర పెడతాను.

కాగితం చివర ఇంకో గడి గీసుకోండి: "నాకు నచ్చిందా?" దీనికి మార్కుల్లో చోటు లేదు. గుగ్గిలం వాసన నాకు నచ్చదు. కానీ అమెరికన్ ఐపీఏలో అది ఉండవలసిందే. బాగా చేసినదాన్ని నచ్చలేదని తక్కువ చేయకుండా, నచ్చలేదన్న నిజాన్ని దాచకుండా ఉండటానికి ఆ గడి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

బీర్ల వరస పట్టించుకోకపోవడం. చేదు తక్కువది ముందు, ఎక్కువది తర్వాత. ఆల్కహాల్ కూడా అంతే. 8 శాతం డబుల్ ఐపీఏతో మొదలుపెడితే తర్వాత వచ్చే పేల్ ఏల్ నీళ్లలా ఉంటుంది.

హాప్స్ ఎక్కువంటే చేదు ఎక్కువ అనుకోవడం. మరిగేటప్పుడు వేస్తే చేదు, చల్లారాక వేస్తే వాసన.

క్యాన్ చదివి వాసన చూడటం. ఇంట్లో ఎవరినైనా వేరే గదిలో పోసి తెమ్మనండి. గ్లాసు కింద అంకె రాసిన కాగితం అతికిస్తే చాలు.

గ్లాసు ఖాళీ అయ్యాక గుర్తుతెచ్చుకుని రాయడం. అప్పటికి ఆల్కహాల్ పనిచేస్తుంటుంది, అన్నీ బాగున్నట్టే ఉంటాయి. ఐదో బీరుకి నేను వేసిన మార్కులేవీ నేను నమ్మను, అందుకే నాలుగు దగ్గర ఆపుతాను.

ఒక్క గ్లాసుతో తీర్పు చెప్పడం. తక్కువ మార్కులు వేసేముందు, వేరే తేదీ ఉన్న ఇంకో క్యాన్ తెరిచి చూడండి.

సరిగ్గా వేశామో లేదో ఎలా తెలుస్తుంది?

మూడు పరీక్షలు, తేలిక నుంచి కష్టానికి.

మొదటిది: అదే బీరు, వారం తేడాతో, పేరు తెలియకుండా రెండుసార్లు. రెండు అంకెల మధ్య తేడా మూడు, నాలుగు మార్కుల్లోపు ఉంటే మీ చేయి కుదిరినట్టే. పది తేడా వస్తే గ్లాసు, చలి, తిండి, ఈ మూడింట్లో ఏదో మారింది. కాగితం మీద అవి కూడా రాసుకుని ఉంటే వెంటనే దొరుకుతుంది.

రెండోది: మూడు గ్లాసులు. రెండింటిలో ఒకే బీరు, ఒకదానిలో వేరేది. వేరేది ఏదో చెప్పండి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి కలుస్తుంది కాబట్టి ఒక్కసారికే సంబరపడవద్దు. నాలుగైదు సార్లు చేయండి.

మూడోది నాకు చాలా ఇష్టం. మీరు రాసిన మాటలు, అంకెలు లేకుండా, ఇంకొకరికి ఇవ్వండి. ఎదురుగా మూడు వేర్వేరు బీర్లు పేర్లు లేకుండా పెట్టండి. మీ కాగితం చదివి ఆ బీరు ఏదో వాళ్లు పట్టుకోవాలి. "బాగుంది, ఫ్రూటీగా ఉంది, స్మూత్" అని రాసిన కాగితంతో ఎవరూ పట్టుకోలేరు, ఆ మూడూ మూడింటికీ సరిపోతాయి. "పంపరపనస తొక్క, ధనియాలు, చివర్లో పిందె వగరు" అని రాసి ఉంటే, మా అమ్మాయి అత్తగారు కూడా ఒక్క చుక్క నోట పెట్టకుండా, వాసన చూసి రెండో గ్లాసు వైపు వేలు చూపించారు. అదే గ్లాసు.